పాల్వంకర్ బాలూ

1911వ సంవత్సరపు వేసవిలో భారతదేశపు క్రికెట్ జట్టు ఒకటి ఇంగ్లండుకు వెళ్లింది. పారసీలు 1886లోనూ 1888లోనూ తమ సమాజం తరఫున వెళ్లి ఆడి వచ్చినారు గాని, దేశమంతటికీ ప్రతినిధిగా ఓడ ఎక్కిన మొదటి జట్టు మాత్రం ఇదే. అది ఆడిన ఆటలు 23. అందులో 15 ఓడి, 6 గెలిచి, 2 తేలకుండా ముగించింది. జట్టుకు నాయకుడు పటియాలా మహారాజు భూపీందర్ సింగ్. ఆ జూన్ నెలలోనే అయిదవ జార్జి పట్టాభిషేకం జరిగింది. మహారాజుకు లండను విందులతోనూ దర్బారులతోనూ తీరిక చిక్కలేదు. ఆయన మైదానంలో కనిపించిన రోజులు కొద్ది. అంతటితో పోక, జట్టులో మేటి బ్యాట్స్‌మన్ అయిన మిస్త్రీని కార్యదర్శిగా తన వెంటనే ఉంచుకొన్నాడు. ఇట్లు తల లేని జట్టుగా ఊరూరా తిరిగి ఓడిపోతున్న ఆ పదిమందిలో ఒక్క మనిషి మాత్రం ప్రతి ఊరిలోనూ వికెట్లు తీస్తూ పోయినాడు. యాత్ర ముగిసేనాటికి అతని లెక్క 114 వికెట్లు. ఒక్కొక్క వికెట్టుకు ఇచ్చిన పరుగుల సగటు 18.84.

ఆ బౌలరు పాల్వంకర్ బాలూ. ఎడమచేతితో నెమ్మదిగా బంతిని తిప్పేవాడు. అప్పటికి వయస్సు ముప్పయి అయిదు ప్రాంతం. భుజం నొప్పి అతనిని ఆ యాత్రలో బాధిస్తూనే ఉన్నది. తన జట్టులో కొందరి సమాజాలు అతనిని తాకితే మైలగా ఎంచేవి. అతడు చర్మకార కులంలో పుట్టినవాడు.

ఆ యాత్రలోని 14 ఆటలు ప్రథమశ్రేణి లెక్కలోనికి వస్తవి. వానిలో బాలూ తీసిన వికెట్లు 75, సగటు 20.12. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం మీద ఒకే ఇన్నింగ్సులో 103 పరుగులిచ్చి 8 వికెట్లు తీసినాడు. అతని జీవితంలో ఒక ఇన్నింగ్సుకు అదే మేలైన లెక్కగా నిలిచిపోయింది. ఆ ప్రథమశ్రేణి ఆటలలో భారతజట్టు గెలిచినవి రెండే: ఒకటి లీస్టర్‌షైర్ మీద, రెండవది సోమర్సెట్ మీద. మొదటి గెలుపులో బాలూ రెండు ఇన్నింగ్సులలోనూ కలిపి 11 వికెట్లు తీసినాడు. రెండవదానిలో అతని తమ్ముడు శివరామ్ శతకం చేసి, చివరి వికెట్టు మిగిలి ఉండగా జట్టును ఒడ్డుకు చేర్చినాడు. మహారాజు, ఆయన పరివారం, దేశమంతటి నుంచీ మతాలవారీగా ఏరి తెచ్చిన ఆటగాళ్లు, ఇందరు కలిసి తెచ్చిన గౌరవం కన్న ఒక చర్మకారుని ఇంటినుంచి వచ్చిన ఇద్దరు అన్నదమ్ములు తెచ్చిన గౌరవమే పెద్దది.

పాల్వంకర్ అనేది ఊరిని బట్టి వచ్చిన పేరు. కొంకణంలో రత్నగిరి ప్రాంతపు పాల్వన్ గ్రామం ఈ కుటుంబానికి మూలం. తండ్రికి సైన్యంలో కొలువు. అందుచేత పిల్లలు పూనాలో దండు పరిసరాలలో పెరిగినారు. తెల్లదొరలు వాడి పారవేసిన బ్యాట్లు, బంతులు వారికి మొదటి ఆటవస్తువులు. బాలూకు మొదటి ఉద్యోగం పారసీల క్రికెట్ క్లబ్బులో దొరికింది. మైదానం ఊడ్వడం, రోలరు లాగడం, ఎప్పుడైనా సభ్యులకు నాలుగు బంతులు వేయడం అతని పని. జీతం నెలకు మూడు రూపాయలు. 1892 ప్రాంతంలో యూరోపియనుల పూనా క్లబ్బుకు మారినాడు. అక్కడ నాలుగు రూపాయలు. వల కట్టడం, పిచ్ చదును చేసి గీతలు గీయడం, టెన్నిసు ఆటస్థలాలకు సున్నపుగీతలు వేయడం, ఆ పని అయిన తరువాత దొరలకు గంటల తరబడి బంతులు వేయడం.

ఆ క్లబ్బులో పేరుపడిన బ్యాట్స్‌మన్ కెప్టెన్ జాన్ గ్లెన్నీ గ్రీగ్. పొట్టి మనిషి, చురుకైన పాదాలు. దక్కనులోని తెల్ల ఆటగాళ్లలో అతనిని మించినవాడు లేడని ప్రసిద్ధి. జాన్ గ్లెన్నీ అన్న పేరు మనవారి నోట "జంగ్లీ"గా మారింది. ఈ గ్రీగ్ తక్కినవారికన్న ఒక గంట ముందే వచ్చి బాలూ చేత బంతులు వేయించుకొని సాధన చేసేవాడు. తనను ఔటు చేసినప్పుడల్లా బాలూకు ఎనిమిది అణాలు ఇచ్చేవాడని చెప్పుకొంటారు. రూపాయికి పదహారు అణాల కాలమది. దొరను ఎనిమిదిసార్లు పడగొడితే నెలజీతం గిట్టుబాటైనట్లే. ఇంతకన్న ఖచ్చితమైన బౌలింగు బడి ఆ కాలంలో దేశంలో మరొకటి ఉండి ఉండదు. ఎదుట మొనగాడైన బ్యాట్స్‌మన్. చేతిలో తానే చదును చేసిన నేల ఎక్కడ గట్టిదో ఎక్కడ మెత్తనిదో తెలిసిన జ్ఞానం. పడిన ప్రతి వికెట్టుకూ కూలి. ఐతే ఆ క్లబ్బులో ఇన్ని సంవత్సరాలు బంతులు వేసిన బాలూకు సాధన వలలలో ఒక్కనాడైనా బ్యాటు పట్టే అవకాశం రాలేదు.

ఈ సంగతి క్రికెట్ స్వభావానికే సంబంధించింది. బ్యాటు దొరలది, బంతి కూలివానిది అన్న భావం ఆ ఆట పుట్టిన దేశంలోనే ఉన్నది. ఇంగ్లండులో జీతం తీసుకొని ఆడేవారు ఒక తెగ, జీతం లేకుండా ఆడే పెద్దమనుషులు ఒక తెగ. ఇరువురూ ఒకే జట్టులో ఆడినా దుస్తులు మార్చుకొనే గదులు వేరు. అనేక మైదానాలలో లోపలికి వచ్చే ద్వారాలు వేరు. బంతివేసే బరువు ఎక్కువగా జీతగాళ్ల మీద పడేది. నాయకత్వం పెద్దమనుషులకు దక్కేది. ఇరవయ్యవ శతాబ్దంలో ఇంగ్లండు జట్టుకు లెన్ హటన్ అనే జీతగాడు నాయకుడైనది 1952లో. అనగా గత శతాబ్దపు మధ్యభాగం దాటిన తరువాత. ఆ తెగల భేదాన్నే వారు 1962లో ఎత్తివేసినారు. బాలూను కొందరు "భారతదేశపు రోడ్సు" అని పిలిచినారు. ఎడమచేతి బౌలరైన విల్‌ఫ్రెడ్ రోడ్సు యార్క్‌షైర్ జీతగాడు. మూడు దశాబ్దాలు ఆడి నాలుగువేలకు పైగా వికెట్లు తీసినా యార్క్‌షైరుకు నాయకుడుగా నియమితుడు కాలేదు. పోలిక బౌలింగు వరకే గాక ఇంతదూరం వచ్చింది. కాని రోడ్సుకు అడ్డు వచ్చింది తరగతి. బాలూకు తరగతితోబాటు కులం కూడా అడ్డు వచ్చింది.

బాలూ బౌలింగు ఎట్టిదో సమకాలికుల మాటలను బట్టి కొంత తెలుసుకొనవచ్చు. కుడిచేతి బ్యాట్స్‌మన్‌కు కాళ్లవైపున పడి బయటికి తిరిగే బంతి అతని ప్రధానాయుధం. అదే చేతి కదలికతో బయటపడి లోపలికి వచ్చే బంతి కూడా ఉండేది. నడక ఒకటే, వేగం మారేది. ఎక్కడ వేయదలచుకొంటే అక్కడనే పడేది. రోజంతా వేసినా గురి చెదిరేది కాదు. గురి అనేది వరం కాదు, గంటలతరబడి చేసిన పనివలన వచ్చేది. ఆ పనిని పూనా దొరలు అతనిచేత చేయించుకొన్నారు.

పూనాలోని హిందువుల క్లబ్బు యూరోపియనులతో పందెం వేసుకొన్నప్పుడు బాలూను జట్టులోనికి తీసుకొనవలెనా అన్న చర్చ పుట్టింది. గెలవవలెనంటే అతడు ఉండవలె; అతడుంటే ఆచారం చెడుతుంది. ఆ క్లబ్బులోని తెలుగువారు కొందరు అతనిని తీసుకొందామన్నారు. పూనా బ్రాహ్మణులు వద్దన్నారు. తెలుగువారి ప్రసక్తి ఈ కథలో వచ్చేది ఇంతమాత్రమే అయినా మరచిపోదగినది కాదు. చివరకు చర్చను తేల్చింది గ్రీగ్. బాలూ వంటి బౌలరును వదులుకొంటే హిందువులంత తెలివితక్కువవారు ఉండరని అతడు పత్రికలవారితో అన్నాడు. ఎదుటి పక్షపు ఆటగాడు చెప్పిన మాటకు తల ఒగ్గి బాలూను జట్టులో చేర్చుకొన్నారు.

చేర్చుకొన్నది మైదానంలో మాత్రమే. తెలుగులో బంతి అన్న మాటకు ఆటవస్తువు అనీ, భోజనాల వరుస అనీ రెండర్థాలు కలవు. మొదటి బంతిని బాలూ చేతినుండి అందరూ అందుకొన్నారు. రెండవ బంతిలో అతనికి చోటు లేదు. తేనీటి విరామంలో తక్కినవారు లోపల పింగాణి కప్పులలో తాగుతూ ఉంటే, బాలూకు బయట మట్టిముంతలో పోసేవారు. ముఖం కడుగుకొనవలెనంటే అతని వర్గానికే చెందిన నౌకరు ఒకడు మైదానం మూలకు నీళ్లు తెచ్చి వంచేవాడు. భోజనానికి వేరు పళ్లెం, వేరు బల్ల. అందరి చేతులూ మారిన ఆ క్రికెట్ బంతి పైతొడుగు తోలుతో కుట్టినదే అన్న సంగతి ఎవరికీ అభ్యంతరంగా తోచినట్లు లేదు.

సతారాలోని యూరోపియనుల క్లబ్బుతో జరిగిన ఆట ఈ పరిస్థితిని కొంత కదిపింది. బాలూ బంతి తిరగకుండా చేయదలచి అక్కడివారు వారం రోజులు పిచ్ మీద రోలరు నడిపించి బండవలె చేయించినారట. అయినా బాలూ ఏడు వికెట్లు తీసినాడు, పూనా గెలిచింది. రోలరు నడిపి బ్రతికినవానికి రోలరు వలన నేలకు ఏమవుతుందో ఇతరులు నేర్పవలసిన పని లేదు. తిరిగి వచ్చిన తరువాత పూనాలో సన్మానాలు జరిగినవి. అతనితో ఆడగలిగినవారు అతనితో కలిసి తినడానికీ తాగడానికీ వెనుదీయరాదని న్యాయమూర్తి మహాదేవ గోవింద రానడే ఆటగాళ్లకు చెప్పినాడు. సంఘవిషయాలలో పాతపద్ధతివాడని పేరుగల బాలగంగాధర తిలకు సైతం ఒక సభలో అతనికి పూలమాల వేసినాడు.

1896 ప్రాంతంలో బాలూ పూనా విడిచి బొంబాయి చేరినాడు. మొదట సైన్యంలోనూ, పిమ్మట బొంబాయి బరోడా రైల్వేలోనూ కొలువు చేసినాడు. హిందూ జింఖానాలో చేర్చుకొనడానికి కొందరు సభ్యులు అడ్డు చెప్పగా, జట్టు నాయకుడు కీర్తికర్ పట్టుపట్టి చేర్పించినాడు. బొంబాయి పూనా కన్న ఒక అడుగు ముందుకు వేసింది. ఇక్కడ అతడు తక్కినవారితో కలిసి భోజనం కూడా చేసినాడు. ఆనాటి సంఘసంస్కరణ పత్రిక ఇండియన్ సోషల్ రిఫార్మర్ దీనిని గుర్తించి, యువకుల మనస్సులు మార్చడంలో ఉపన్యాసాలు చేయలేనిది ఈ జింఖానా చేసిందనే భావం వెల్లడించింది.

ఆ పత్రిక అట్లు వ్రాయడానికి సందర్భం 1906 ఫిబ్రవరిలో హిందువులకూ యూరోపియనులకూ బొంబాయిలో జరిగిన ఆట. హిందువులు మొదట 242 పరుగులు చేసినారు, యూరోపియనులు 191. రెండవసారి హిందువులు 160కే ముగిసినారు. యూరోపియనులకు కావలసినవి 212. ఆటలో ఆ సంఖ్య అందరానిది కాదు. కాని బాలూ, వేగంగా బంతివేసే ఎరాషా కలిసి వారిని 102 పరుగులకు కూల్చినారు. 109 పరుగుల తేడాతో హిందువులు గెలిచినారు. బంగాల విభజనపై ఆందోళన సాగుతున్న రోజులవి. పాలకుల మీద వారి ఆటలోనే వచ్చిన గెలుపు దేశమంతటా వార్త అయినది. పారసీలు అంతకు చాలా సంవత్సరాల ముందే యూరోపియనులను ఓడించి ఉన్నారు గనుక ఇది మొదటి గెలుపని చెప్పరాదు. దీనిలోని కొత్తదనం వేరు. ఏ సమాజం పేరుతో ఆ జట్టు ఆడిందో, ఆ సమాజం తన గుడులలోనికి రానివ్వని ఇద్దరు అన్నదమ్ములు ఆ గెలుపులో భాగస్వాములు.

తరువాత ఈ ఆటలు పెరిగినవి. 1907లో హిందువులు, పారసీలు, యూరోపియనులు మూడు జట్లుగా పోటీపడినారు. 1912లో ముస్లిములు చేరి నాలుగు జట్ల పోటీ అయింది. ప్రథమశ్రేణి లెక్కలో బాలూ ఆడినవి మొత్తం 33 ఆటలు మాత్రమే. ఏడాదికి ఒకటి రెండు పెద్ద ఆటలకు మించి ఈ దేశంలో ఆనాడు లేవు. ఆ 33 ఆటలలో అతడు 179 వికెట్లు తీసినాడు, సగటు 15.21. ఇంగ్లండులోని 75 వికెట్లు తీసివేస్తే, స్వదేశంలో 104 వికెట్లు మిగులుతవి. వాని సగటు పన్నెండు పరుగులకు లోపు. రోడ్సు ఒక్క వేసవిలో ఆడినన్ని పెద్ద ఆటలు బాలూ జీవితమంతటిలో ఆడలేదు. భారతదేశం మొదటి టెస్టు ఆడిన 1932 నాటికి అతనికి యాభై దాటినవి. కావున మొత్తాలు చూచి అతనిని తూచరాదు. ఆటకు అయిదు వికెట్లకు మించి తీసినాడన్న లెక్కే సరియైన కొలత.

ఇంగ్లండు నుంచి తిరిగి వచ్చినప్పుడు బొంబాయిలో అస్పృశ్య వర్గాలవారు బాలూకు సన్మానం చేసినారు. ఆ సన్మానపత్రం వ్రాసింది ఎల్ఫిన్‌స్టన్ కళాశాలలో చదువుకొంటున్న భీమరావు అంబేద్కర్ అని చెపుతారు. ఆ వయస్సు యువకునికి తన వర్గంలో చూపదగిన వీరుడు అంతకుముందు కనిపించి ఉండడు.

ఇంతటి బౌలరుకు దక్కనిది ఒకటి కలదు. హిందూ జట్టుకు నాయకుడు. అనుభవంలోనూ ఆటలోనూ అతనికి సాటి లేని రోజులలో కూడా నాయకత్వం పై కులాలవారికే పోయింది. 1913లో నాయకుడైన పై అనే బ్రాహ్మణుడు, ఈ గౌరవం తనకన్న పెద్దవాడూ అనుభవజ్ఞుడూ అయిన బాలూకు చెందవలసినదని బహిరంగంగానే అన్నాడు. అన్నాడు గాని పదవి మారలేదు. బంతివేయడం శ్రమ, నాయకత్వం అధికారం. బాలూ చేత మొదటిది ఎంతైనా చేయించుకొన్న పెద్దలు రెండవదాని దగ్గరికి వచ్చేసరికి ప్రతి ఏడూ ఏదో ఒక కారణం చూచుకొన్నారు. నాయకుడంటే పదిమందికి ఆజ్ఞ ఇచ్చేవాడు. ఒక చర్మకారుని ఆజ్ఞకు బ్రాహ్మణుడు మైదానంలో ఇటునుంచి అటు జరగడమన్నది వికెట్ల పట్టికలో లేని విషయం.

1920లో ఈ వ్యవహారం బద్దలైంది. ఆ సంవత్సరం నాలుగు జట్ల పోటీకి బాలూను జట్టులోనికే తీసుకొనలేదు. పై అస్వస్థుడు కాగా నాయకత్వం తమ్ములలో ఎవరికీ రాక, వయస్సులో చిన్నవాడైన దేవధర్‌కు పోయింది. శివరామ్, అతని తమ్ముడు విఠల్ ఇద్దరూ ఆడబోమని తప్పుకొని పత్రికలలో ప్రకటన చేసినారు. తమను దాటవేసింది ఆట తక్కువై కాదు, కులం తక్కువై అన్నదే ఆ ప్రకటన సారాంశం. విఠల్ అప్పటికి హిందూ జట్టులో మేలైన బ్యాట్స్‌మన్. చర్మకారుని ఇంటినుంచి బౌలరే కాక బ్యాట్స్‌మన్ కూడా వచ్చినాడు. అస్పృశ్యతను తొలగించుకొననిదే స్వరాజ్యం లేదని గాంధీ చెపుతున్న రోజులు అవి. నగరంలో కలకలం పుట్టింది. తరువాతి ఆటకు పై కోలుకొని నాయకుడుగా వచ్చినాడు; బాలూను ఉపనాయకునిగా ప్రకటించినారు; తమ్ములు తిరిగి వచ్చినారు. పారసీలతో ఆ ఆటలో పై కొంతసేపు మైదానం విడిచిపోయినాడు. ఆ కొద్ది వ్యవధిలో బాలూ జట్టును నడిపినాడు. అప్పటికి అతనికి నలభై నాలుగేళ్ల ప్రాయం. అతని నాయకత్వమంతా అంతే.

మూడేళ్లకు, 1923లో, విఠల్ హిందూ జట్టుకు నాయకుడయినాడు. ఆ ఏడు హిందువులు యూరోపియనులను ఓడించి పోటీ గెలిచినారు. ప్రేక్షకులు విఠల్‌ను భుజాలమీద ఎత్తుకొన్నారు. అన్నకు ఇరవై ఏళ్లలో అందనిది తమ్మునికి అందింది. అన్న వేసిన బంతులే దానికి దారి వేసినవి. విఠల్ 1948లో తన క్రీడాజీవితాన్ని గూర్చి మరాఠీలో పుస్తకం వ్రాసినాడు.

ఆట మానిన తరువాత బాలూ రాజకీయాలలో ప్రవేశించినాడు. ఇక్కడ అతని కథ చదువరికి ఇబ్బంది కలిగిస్తుంది. 1932లో అస్పృశ్యులకు ప్రత్యేక నియోజకవర్గాలు కావలెనని అంబేద్కర్ పట్టుపట్టగా, బాలూ ఎం.సి. రాజా పక్షాన నిలిచి ఉమ్మడి నియోజకవర్గాలే మేలన్నాడు. ఎరవాడ చెరలో గాంధీ నిరాహారదీక్ష చేస్తున్న ఆ సెప్టెంబరులో సాగిన సంప్రదింపులలో పాల్గొని, పూనా ఒడంబడికపై సంతకం చేసినవారిలో తానొకడయినాడు. అంబేద్కర్ సంతకమూ అదే పత్రం మీద ఉన్నది. 1933లో హిందూ మహాసభ తరఫున బొంబాయి పురపాలక సంఘానికి పోటీచేసి ఓడినాడు. 1937లో బొంబాయి శాసనసభ ఎన్నికలు వచ్చినవి. అంబేద్కర్ నిలిచిన చోట కాంగ్రెసువారు బాలూను నిలిపినారు. అంబేద్కర్‌కు 13,245 ఓట్లు, బాలూకు 11,225.

ఈ పోటీని బట్టి బాలూను ఒకరి చేతిలోని పావుగా చూచినవారు కలరు. అది పూర్తి న్యాయం కాదు. మట్టిముంతనుండి పింగాణి కప్పు వరకు, కప్పు నుండి ఉపనాయకత్వం వరకు అతడు వచ్చిన దారి అంతా కలిసి ఆడిన జట్టులోనుండే వచ్చింది. ఆ జట్టు విడిచి వేరే జట్టు కట్టవలెనన్న వాదం అతని అనుభవానికి పొసగలేదు. అంబేద్కర్ అదే దారిని చూచి, ఒక్కొక్క మెట్టుకు అంతటి వికెట్ల మూల్యం చెల్లించలేని లక్షలమంది సంగతేమని అడిగినాడు. ఎనిమిదేసి వికెట్లు తీయగలవానికి తెరచుకొన్న తలుపు, తీయలేనివానికి మూసే ఉన్నది గదా. ఓటర్లలో ఎక్కువమంది రెండవ పక్షాన నిలిచినారు. ఐనా రెండువేల చిల్లర ఓట్లే తేడా.

నాలుగు జట్ల పోటీ ఆ 1937లోనే అయిదు జట్ల పోటీగా మారి, 1946తో ఆగిపోయింది. ప్రాంతాలవారీగా 1934లో మొదలైన రంజీ పోటీ దాని చోటు ఆక్రమించింది. బాలూ 1955 జూలై 4వ తేదీన బొంబాయిలో మరణించినాడు. అంత్యక్రియలకు పాత ఆటగాళ్లూ, రాజకీయనాయకులూ వచ్చి ఒకే చోట నిలిచినారు.